గుహలో దొరికే ఆధారాలతో పాతకాలపు వానలు, అడవులు ఎలా తెలుస్తాయి?

అడిగినవారి ప్రశ్న క్లుప్తంగా ఇది: గుహలో వాన పడదు, ఎండ తగలదు, చెట్టూ చేమా మొలవవు. అలాంటి చోట దొరికినవాటిని పట్టుకుని వేల ఏళ్ళ నాటి వానల గురించి, అడవుల గురించి ఎలా చెబుతారు? ఒక్క స్టాలగ్మైట్ (గుహ నేల మీద సున్నం పేరుకుని లేచే రాయి) చాలా? గుహ మట్టిలో దొరికే పుప్పొడిని నమ్మొచ్చా?

నేను చాలా ఏళ్ళుగా స్టాలగ్మైట్ల ఐసోటోపుల (ఒకే మూలకంలో బరువు తేడా ఉన్న పరమాణువుల) మీద, గుహ మట్టిలోని పుప్పొడి మీద పనిచేస్తున్నాను. ముందు సూటిగా జవాబు: చెప్పొచ్చు. లక్షల ఏళ్ళ వెనక్కి వెళ్ళి ఇంత కచ్చితంగా తేదీలు చెప్పగల ఆధారాలు నేల మీద చాలా తక్కువ. అయితే ఒక్క స్టాలగ్మైట్ చాలదు. పుప్పొడిని నమ్మొచ్చు, కాకపోతే అది లోపలికి ఎలా చేరిందో తేలాకే. గుహ ఆధారం ఏదైనా సరే, అది లోపలికి ఏ దారిన వచ్చిందో ముందు తేల్చుకోవాలి. నీటి చుక్కతో దిగిందా, గాలికి కొట్టుకొచ్చిందా, జంతువు మోసుకొచ్చిందా? దాన్నిబట్టే అది దేనికి సాక్ష్యమో, దేనికి కాదో తెలుస్తుంది.

నీటి దారితోనే మొదలుపెడతాను, ఎందుకంటే ఎక్కువ సమాచారం వచ్చేది దాని వెంటే.

వాన నీరు మట్టిలోకి ఇంకుతుంది. అక్కడ వేర్లు, సూక్ష్మజీవులు వదిలే కార్బన్ డయాక్సైడ్ కలిసి ఆ నీరు కాస్త ఆమ్లమవుతుంది. సున్నపురాయిని కరిగించుకుంటూ పగుళ్ళ వెంట కిందికి దిగుతుంది. గుహ గాలిలో కార్బన్ డయాక్సైడ్ తక్కువ కాబట్టి, చుక్క పైకప్పు దగ్గరికి రాగానే ఆ వాయువు బయటికి పోతుంది, నీటిలోని సున్నం కాల్సైట్‌గా పేరుకుంటుంది. పైనుంచి వేలాడేది స్టాలక్టైట్, చుక్క పడిన చోట కింద నుంచి లేచేది స్టాలగ్మైట్. మేము ఎక్కువగా వాడేది స్టాలగ్మైట్‌నే. దాని పొరలు ఒకదానిమీద ఒకటి వరుసగా పడతాయి కాబట్టి చదవడం తేలిక. చాలావాటిలో ఏడాదికి పెరిగే మందం మిల్లీమీటరులో పదో వంతు కూడా ఉండదు.

అంటే ఒకే చుక్కలో మూడు చోట్ల సంగతులు ఉంటాయి. ఆక్సిజన్ వాన నుంచి వస్తుంది. కార్బన్‌లో పెద్ద భాగం మట్టి నుంచి, మొక్కల నుంచి వస్తుంది. కాల్షియం, కొంచెం యురేనియం రాతి నుంచి వస్తాయి. గుహ లోతుల్లో ఉష్ణోగ్రత ఏడాది పొడవునా దాదాపు ఒకేలా, బయటి ఏడాది సగటుకు దగ్గరగా ఉంటుంది. గాలిలో తేమ దాదాపు 100 శాతం. అందుకే పొర పడ్డాక చెదరకుండా నిలుస్తుంది.

తేదీ ఎలా తెలుస్తుంది? యురేనియం నీటిలో కరుగుతుంది, థోరియం దాదాపుగా కరగదు. అందువల్ల కొత్తగా పడిన కాల్సైట్‌లో యురేనియం ఉంటుంది, థోరియం ఉండదు. కాలం గడిచేకొద్దీ యురేనియం-234 క్షయమై థోరియం-230 పుడుతుంది. థోరియం-230 అర్ధాయువు సుమారు 75,600 ఏళ్ళు. రెండింటి నిష్పత్తి కొలిస్తే పొర వయసు తెలుస్తుంది. ఈ పద్ధతి సుమారు 6 నుంచి 6.5 లక్షల ఏళ్ళ వరకు పనిచేస్తుంది. అంతకన్నా పాతవాటికి యురేనియం-సీసం పద్ధతి ఉంది, దానితో మిలియన్ల ఏళ్ళ వెనక్కి వెళ్ళొచ్చు.

ఇక్కడ చిక్కు మట్టితో వస్తుంది. చుక్కతో పాటు సన్నటి బంకమన్ను దిగితే దానితో పాటే థోరియం కూడా దిగుతుంది. దాన్ని లెక్కలో సవరించకపోతే రాయి అసలు వయసుకన్నా పాతదిగా కనిపిస్తుంది. అందుకే స్టాలగ్మైట్‌ను నిలువునా కోసి మెరుగు పెట్టినప్పుడు నేను ముందు చూసేది రంగు. తెల్లగా, గాజులా మెరిసే పొరలు తేదీకి మంచివి. గోధుమరంగు గీతలు ఉన్న చోట జాగ్రత్త పడాలి. ఒక రాయి నడిమధ్యలో వెంట్రుక మందాన ఒక గోధుమ గీత ఉంది. దానికి పైన ఒక తేదీ, కింద ఒక తేదీ కట్టిస్తే మధ్యలో వేల ఏళ్ళ తేడా వచ్చింది. ఆ వేల ఏళ్ళూ చుక్క పడలేదు. గీతకు ఇటూ అటూ తేదీలు లేకపోయి ఉంటే గ్రాఫ్ మీద అక్కడ ఒక నున్నటి వంపు గీసి ఊరుకునేవాళ్ళం. తేదీకి పదుల మిల్లీగ్రాముల పొడి కావాలి, ఖర్చు కూడా ఎక్కువే. అయినా తేదీల దగ్గర పొదుపు చేసిన రికార్డును నేను నమ్మను.

ఇక ఆక్సిజన్. పళ్ళ డాక్టరు వాడేలాంటి సన్న డ్రిల్లుతో పెరుగుదల గీత వెంట చుక్క చుక్కగా పొడి తీస్తాం. ఒక్కో కొలతకు మిల్లీగ్రాములో పదో వంతు చాలు. అందులో బరువైన ఆక్సిజన్-18, తేలికైన ఆక్సిజన్-16 నిష్పత్తి చూస్తాం. అది ఒక ప్రమాణ నమూనాకన్నా వెయ్యింట ఎన్ని వంతులు ఎక్కువో తక్కువో చెప్పేదే ఇక్కడి "విలువ"; తక్కువైతే మైనస్. కార్బన్‌కూ ఇదే లెక్క. ఉష్ణమండలంలో వాన గట్టిగా కురిసినకొద్దీ ఆ నీటిలో ఆక్సిజన్-18 తగ్గుతుంది. మేఘం దూరం నుంచి దారి పొడవునా కురుస్తూ వచ్చినా తగ్గుతుంది. అందువల్ల రుతుపవనాల ప్రాంతాల్లో ఈ సంఖ్య ఎంత తగ్గితే రుతుపవనం అంత బలంగా ఉన్నట్టు అనుకుంటాం.

చాలామంది ఈ సంఖ్యను థర్మామీటరులా చదవబోతారు. ఒక చిన్న లెక్క వేస్తే అది ఎందుకు కుదరదో తెలుస్తుంది. కాల్సైట్ ఏర్పడేటప్పుడు ఉష్ణోగ్రత ఒక డిగ్రీ మారితే ఆక్సిజన్ విలువ వెయ్యింట 0.2 వంతు చొప్పున మాత్రమే మారుతుంది. చైనాలోని నాన్‌జింగ్ దగ్గరి హులు, హుబే ప్రాంతంలోని సాన్‌బావ్ గుహల స్టాలగ్మైట్లలో ఈ విలువ వెయ్యింట నాలుగైదు వంతుల మేర ఊగుతుంది. దాన్నంతా ఉష్ణోగ్రత ఖాతాలో వేస్తే ఇరవై డిగ్రీలు పైబడిన మార్పు కావాలి, అది జరగని పని. కాబట్టి మారింది వాన నీరే. ఈ చైనా గుహల రికార్డులను కలిపి 2016లో 6,40,000 ఏళ్ళ రుతుపవన చరిత్రను ప్రచురించారు. భూమి కక్ష్యలో, అక్షంలో వచ్చే మార్పుల వల్ల వేసవి ఎండ సుమారు 23,000 ఏళ్ళకోసారి పెరిగి తగ్గే లయ అందులో స్పష్టంగా కనిపిస్తుంది. బ్రెజిల్‌లోని బొతువెరా గుహలో అదే లయ తలకిందులుగా ఉంటుంది. ఉత్తరార్ధగోళంలో వానలు బలపడినప్పుడు దక్షిణార్ధగోళంలో బలహీనపడ్డాయన్నమాట. ఒకదానితో ఒకటి సంబంధం లేని రాళ్ళు, వేరువేరు ఖండాల్లో, ఇలా ఎదురెదురుగా సరిపోవడం నాకు ఇప్పటికీ ఈ రంగంలో అన్నిటికన్నా గట్టి రుజువుగా అనిపిస్తుంది.

అయినా ఒక వాదన మిగిలే ఉంది. హులు రికార్డు అక్కడ కురిసిన వాన మొత్తాన్ని చెబుతోందా, లేక ఆ తేమ దారిలో ఎక్కడో హిందూ మహాసముద్రం వైపు ఎంత కురిసి వచ్చిందో చెబుతోందా? నా అభిప్రాయంలో రెండోదాని వాటా పెద్దది. కాబట్టి "ఆ ఏడు అక్కడ ఇన్ని మిల్లీమీటర్లు కురిసింది" అని ఆక్సిజన్ నుంచి ఎవరైనా సంఖ్య ఇస్తే సందేహించండి. "రుతుపవన వ్యవస్థ బలహీనపడింది" అంటే ఒప్పుకోవచ్చు.

వృక్షజాలం సంగతి కార్బన్ చెబుతుంది. మొక్కలు కిరణజన్య సంయోగక్రియ చేసే తీరులో రెండు పెద్ద రకాలున్నాయి. చెట్లు, పొదలు, చల్లటి ప్రాంతాల గడ్డి చాలావరకు సి3 రకం. వేడి ప్రాంతాల గడ్డిలో ఎక్కువ భాగం సి4 రకం. సి3 మొక్కల్లో కార్బన్-13 విలువ వెయ్యింట మైనస్ 27 దగ్గర, సి4లో మైనస్ 13 దగ్గర ఉంటుంది. ఈ తేడా మట్టిలోని కార్బన్ డయాక్సైడ్ ద్వారా చుక్కలోకి, చుక్క నుంచి కాల్సైట్‌లోకి వస్తుంది. దారిలో సున్నపురాయి కార్బన్ కూడా కలుస్తుంది కాబట్టి స్టాలగ్మైట్‌లో విలువలు పైకి జరుగుతాయి. సి3 మొక్కలు కప్పిన గుహల్లో సుమారు మైనస్ 14 నుంచి మైనస్ 6 వరకు, సి4 గడ్డి కింద మైనస్ 6 నుంచి ప్లస్ 2 వరకు కనిపిస్తాయి.

చూడ్డానికి సులువుగానే ఉంది: విలువ పెరిగితే గడ్డి, తగ్గితే అడవి. నిజానికి అందరూ ఎక్కువగా పొరబడేది ఇక్కడే. కరువులో చుక్కలు నిదానంగా పడితే, నీరు గుహ చేరకముందే పగుళ్ళలో కొంత కాల్సైట్ పడిపోతుంది. అప్పుడు అడవి అలాగే ఉన్నా కార్బన్ విలువ పెరుగుతుంది. దీన్ని పట్టుకోవడానికి మెగ్నీషియం, స్ట్రాన్షియం కూడా కొలవాలి. అవి కూడా కార్బన్‌తో పాటే పెరిగితే ముందు నీటి కొరతను అనుమానించాలి. దీనికి పూర్తిగా ఎదురు ఉదాహరణ ఇజ్రాయెల్‌లోని సొరెక్ గుహ. అక్కడ సుమారు 1,25,000 ఏళ్ళ క్రితం కార్బన్ విలువ బాగా పెరిగి సున్నపురాయి విలువకు దగ్గరైంది. అదే సమయంలో ఆక్సిజన్ మాత్రం గట్టి వానలని చెబుతోంది. పరిశోధకులు ఇచ్చిన వివరణ ఏమిటంటే, కుండపోత వానలకు కొండ మీది మట్టి కొట్టుకుపోయింది, నీరు మట్టి కార్బన్‌ను కలుపుకునే తీరిక లేకుండా నేరుగా రాతిలోకి దిగింది. అంటే ఒకే సంకేతం ఒక చోట కరువు, ఇంకో చోట అతివృష్టి. రెండో ఆధారం తోడు లేకుండా కార్బన్ ఒక్కదాన్ని చదవకండి.

స్టాలగ్మైట్ పెరిగిందా లేదా అన్నది కూడా సమాచారమే. నేల గడ్డకట్టి ఉంటే చుక్క దిగదు. సైబీరియాలో 60 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గరున్న లెద్యానాయా లెన్స్కాయా గుహలో, గత 5 లక్షల ఏళ్ళలో స్టాలగ్మైట్లు పెరిగింది సుమారు 4 లక్షల ఏళ్ళ నాటి వెచ్చటి కాలంలోనే. అక్కడ శాశ్వత మంచు నేల కరిగింది అప్పుడేనన్నమాట. ఐసోటోపులు కూడా అక్కర్లేదు, తేదీ ఒక్కటి చాలు.

ఇప్పుడు ఒక్క స్టాలగ్మైట్ చాలా అన్న ప్రశ్న. గుహలో చుక్కల కింద చిన్న గాజు పలకలు పెట్టి, వాటి మీద పడే కొత్త కాల్సైట్‌ను, నీటిని నెలనెలా చూస్తుంటాం. కొన్ని అడుగుల దూరంలో ఉన్న రెండు చుక్కల్లో ఒకటి వాన పడిన కొన్ని గంటలకే వేగం పుంజుకుంటుంది, ఇంకోటి ఏడాదంతా ఒకే తీరుగా పడుతుంది. మొదటిది పెద్ద పగులు నుంచి వస్తోంది, రెండోది రాతిలోని సన్న రంధ్రాల్లో ఏళ్ళ తరబడి నిలవున్న నీరు. రెండింటి కింద లేచిన స్టాలగ్మైట్లు ఒకే వానను వేరువేరుగా రాస్తాయి. ఒకటి తుఫానును కూడా పట్టుకుంటుంది, ఇంకోటి దశాబ్దాల సగటును మాత్రమే.

మేఘాలయలోని మామ్‌లూ గుహ దీనికి మంచి ఉదాహరణ. అక్కడి ఒక స్టాలగ్మైట్‌లో సుమారు 4,200 ఏళ్ళ క్రితం రుతుపవనం బలహీనపడిన గుర్తు ఉంది. దాన్నే ప్రమాణంగా తీసుకుని 2018లో భూవైజ్ఞానిక కాలక్రమంలో మనం ఇప్పుడున్న దశకు "మేఘాలయన్" అని పేరు పెట్టారు. తర్వాత అదే గుహ నుంచి తీసిన, ఏడాది ఏడాదికీ చదవగలిగిన స్టాలగ్మైట్లలో ఒక్క పెద్ద ఎడతెగని కరువు కాక, కొన్ని దశాబ్దాల పాటు సాగే కరువులు విడతలుగా వచ్చినట్టు కనిపించింది. మొదటి రాయి తప్పని నేను అనను. కానీ ఎన్నేళ్ళు, ఎంత హఠాత్తుగా అన్నది ఒక్క రాయి మీద నిలబెట్టకూడదు. ఒకే గుహలో కనీసం రెండు రాళ్ళు, ఒకే కాలానికి చెందినవి, ఒకే కథ చెప్పాలి. అప్పుడే అది వాతావరణం. లేకపోతే అది ఆ చుక్క సొంత కథ.

ఇక పుప్పొడి. ఇది గాలికి, నీటికి, జంతువుల ఒంటికి, మనుషుల కాళ్ళకు అంటుకుని వస్తుంది. గుహ ముఖద్వారం దగ్గర గాలితో వచ్చింది ఎక్కువ. లోపలికి వెళ్ళేకొద్దీ అది పడిపోతుంది, జంతువులు తెచ్చినవాటి వాటా పెరుగుతుంది. అందుకే ఒకే గుహలో రెండు చోట్ల తీసిన మట్టి రెండు రకాల వృక్షజాలాన్ని చూపగలదు. నమూనా తీసే ముందు ఈనాటి గుహ నేల మీది దుమ్మును కూడా పరీక్షించి, బయట ఇప్పుడున్న మొక్కలతో పోల్చి చూడాలి. ఆ పని చేయని పుప్పొడి రికార్డు ఎంత పొడవున్నా నాకు సగమే.

రెండో సమస్య కుళ్ళడం. గుహ మట్టి తరచూ తడిసి ఆరుతుంటుంది, క్షారగుణం కలది. పల్చటి గోడ ఉన్న పుప్పొడి పోతుంది, మందపాటి గోడ ఉన్నది మిగులుతుంది. ముఖ్యంగా డాండెలియన్ కుటుంబం పుప్పొడి మొండిది. ఒక నమూనాలో స్లైడు నిండా అదే కనిపించింది. ఆ పుప్పొడి రేణువుల ముళ్ళు అరిగిపోయి, గోడలు గుంటలు పడి ఉన్నాయి. మిగతా మొక్కల పుప్పొడి దాదాపు లేదు. ఆ స్లైడు చెప్పింది పచ్చిక మైదానం గురించి కాదు, కుళ్ళిపోయిన మట్టి గురించి. అలాంటప్పుడు శాతాలు వేయడం మానేసి, లెక్క తెలిసిన గుర్తు బీజాణువులను ముందే మట్టిలో కలిపి, వాటితో పోల్చి గ్రాముకు ఎన్ని పుప్పొడి రేణువులున్నాయో చూస్తాం. సంఖ్య మరీ తక్కువైతే ఆ పొరను వదిలేయాలి.

దారి తేల్చకపోతే ఎంత దూరం వెళ్ళిపోతామో చెప్పడానికి ఇరాక్‌లోని షానిదార్ గుహ చాలు. 1960లో అక్కడ దొరికిన ఒక నియాండర్తల్ అస్థిపంజరం చుట్టూ మట్టిలో పుప్పొడి ముద్దలు ముద్దలుగా దొరికింది. పూలు చల్లి పాతిపెట్టారన్న మాట ప్రపంచమంతా పాకింది. తర్వాత, పూల తలలను బొరియల్లో దాచుకునే ఎలుక జాతి జీవులు ఆ గుహలోనే ఉన్నాయని ఒకరు చూపారు. 2023లో ఇంకో బృందం నేలలో గూళ్ళు కట్టే తేనెటీగల వైపు వేలు చూపింది. పుప్పొడి నిజమే, పూలూ నిజమే, తెచ్చింది ఎవరన్నదే ప్రశ్న.

అలాగని జంతువులు తెచ్చినవన్నీ చెత్త అనుకోకండి. కొన్నిచోట్ల మొక్కలకు వాటిని మించిన సాక్షి లేదు. ఉత్తర అమెరికా ఎడారుల్లో ప్యాక్‌రాట్ అనే ఎలుక పుల్లలు, ఆకులు, గింజలు కుప్ప వేసి దాని మీదే మూత్రం పోస్తుంది. ఎండిన మూత్రం గట్టిపడి కుప్పను రాయిలా అంటిస్తుంది. పొడి గుహల్లో ఇలాంటివి 50,000 ఏళ్ళ దాకా నిలుస్తాయి. నేను వాటిని ఇష్టపడేది ఎందుకంటే ఎలుక తిరిగేది కొన్ని పదుల మీటర్ల దూరమే. పుప్పొడి ఎంత దూరం నుంచైనా రావచ్చు. జూనిపర్ కొమ్మ కుప్పలో ఉందంటే జూనిపర్ చెట్టు ఆ గుట్ట మీదే ఉంది. ఇప్పుడు ఎడారి పొదలు తప్ప ఏమీ లేని నెవాడా కొండల్లో, మంచుయుగంలో జూనిపర్లు ఉండేవని 1964లో తెలిసింది ఇలాగే. దీని లోపం ఏమిటంటే ఎలుకకు నచ్చిందే అందులో ఉంటుంది. కాబట్టి ఫలానా మొక్క ఉందని చెప్పొచ్చు, లేదని చెప్పలేం.

గబ్బిలాల రెట్టదీ దాదాపు ఇదే పద్ధతి. పురుగులు ఆకులు తింటాయి, గబ్బిలాలు ఆ పురుగులను తింటాయి, రెట్ట గుహలో పొరలు పొరలుగా పేరుకుంటుంది. అందులోని కార్బన్ చుట్టుపక్కల అడవి ఎక్కువా, గడ్డి ఎక్కువా అన్నది చెబుతుంది. ఆగ్నేయాసియాలో మంచుయుగం నాటి రెట్టను 2010లో ఇలా చదివారు. ఫిలిప్పీన్స్‌లోని పాలావాన్‌లో, మలేసియా ద్వీపకల్పంలో అడవి తగ్గి గడ్డి పెరిగింది. బోర్నియోలోని నియా దగ్గర మాత్రం అడవి నిలిచింది.

రెండు దారులూ కలిసిన ఉదాహరణ ఒకటి చెప్పి తీరాలి. ఆస్ట్రేలియాలోని నల్లార్‌బోర్ మైదానంలో ఇప్పుడు చెట్టు కనిపించదు. ఆ నేల కింద గుహల్లోని పాత స్టాలగ్మైట్ల ముక్కలను ఆమ్లంలో కరిగిస్తే లోపల చిక్కుకున్న పుప్పొడి బయటపడింది. కాల్సైట్‌లో పుప్పొడి చాలా అరుదు, అయినా కొన్నిటిలో లెక్కించేంత దొరికింది. ఆ రాళ్ళకే యురేనియం-సీసం పద్ధతిలో వయసు కడితే సుమారు 50 లక్షల ఏళ్ళు. పుప్పొడిలో యూకలిప్టస్, బాంక్సియా ఉన్నాయి. అంటే ఈనాటి ఎడారి మీద అప్పుడు అడవి ఉంది, ఇప్పటికన్నా చాలా ఎక్కువ వాన ఉంది. మట్టి పొరల్లో పుప్పొడి ఒకచోట, తేదీ ఒకచోట దొరికి వాటిని కలపడానికి తంటాలు పడతాం. ఇక్కడ తేదీ, పుప్పొడి ఒకే ముక్కలో ఉన్నాయి. రాయి మూసుకున్నాక మట్టిలోలా కిందా మీదా కలిసే భయం కూడా లేదు. మీకు వృక్షజాలం మీద ఆసక్తి ఉంటే ఈ పని దగ్గర మొదలుపెట్టండి.

మీరు చదవడం మొదలుపెట్టాక ఏ గ్రాఫ్ చూసినా వంపులకన్నా ముందు తేదీల గుర్తులు ఎక్కడెక్కడ ఉన్నాయో చూడండి. పెద్ద మార్పు కనిపించిన చోట ఇటూ అటూ తేదీ లేకపోతే అక్కడే ఆగండి. తర్వాత అదే ప్రాంతంలో ఇంకో గుహ రికార్డు ఉందేమో వెతకండి. సైసల్ అనే డేటాబేస్‌లో ప్రపంచంలోని వందల స్టాలగ్మైట్ల ఐసోటోపు కొలతలు, తేదీలు ఉచితంగా దొరుకుతాయి, ఇంట్లో కూర్చుని రెండు గుహలను పక్కపక్కన గీసి చూసుకోవచ్చు. గుహకు వెళ్ళే అవకాశం వస్తే మాత్రం దేన్నీ విరవకండి, చెరపకండి. ఒక్కో అడుగు పెరగడానికి వేల ఏళ్ళు పట్టిన రాయి అది. మేమే ముందు విరిగి పడి ఉన్నవాటి కోసం వెతుకుతాం, అనుమతి తీసుకున్నా తప్పనిసరైతేనే నిలబడి ఉన్నదాన్ని ముట్టుకుంటాం, అదీ వీలైనంతవరకు సన్నటి కోర్ (కడ్డీలాంటి నమూనా) తీసి రంధ్రం పూడ్చేస్తాం.